‘స్టార్మ్’ అంటే ప్రతిసారీ తుఫాను కాదు: ఈ ఇంగ్లిష్ మాటను ఎలా చదవాలి, ఎలా వాడాలి

ఇంగ్లిష్‌లో స్టార్మ్ అన్న మాట కనబడగానే చెయ్యి దానంతటదే ‘తుఫాను’ అని రాసేస్తుంది. వార్త అనువదిస్తున్నా, సబ్‌టైటిల్స్ రాస్తున్నా, ఆఫీసు మెయిల్ చదివి పక్కవాళ్లకు చెబుతున్నా అంతే. కానీ వాన లేని చోట, గాలి లేని చోట, ఆసుపత్రి గదిలో, కంప్యూటర్ తీగల్లో కూడా ఇంగ్లిష్‌వాళ్లు ఈ మాట వాడతారు. అక్కడ తుఫాను అని రాస్తే చదివేవాళ్లు తికమకపడతారు, లేదా నవ్వుకుంటారు.

దీనికి నేను పాటించే పద్ధతి ఒకటుంది. నిజమైన స్టార్మ్ వచ్చేటప్పుడు ముందు మబ్బు కమ్ముతుంది. ఉన్నట్టుండి విరుచుకుపడుతుంది. హోరెత్తిస్తుంది. తట్టుకుని నిలబడితే కాసేపటికి వెలిసిపోతుంది. అలంకారంగా వాడినప్పుడు ఇంగ్లిష్ ఈ మొత్తాన్నీ తెచ్చుకోదు, సాధారణంగా ఏదో ఒక్కదాన్నే అరువు తెచ్చుకుంటుంది. ఆ ఒక్కటి ఏదో పట్టుకుంటే సరైన తెలుగు మాట దొరుకుతుంది. చాలాసార్లు అందులో తుఫాను ఊసే ఉండదు.

1. ముందు పక్క మాటలు చూడండి

మాట ఒంటరిగా ఏమీ చెప్పదు. దాని ముందూ వెనకా ఏముందో చూస్తే ఇది ఆకాశంలోదా, మనుషులదా అన్నది తేలిపోతుంది.

తీరం దాటడం, గంటకు ఇన్ని కిలోమీటర్లు, హెచ్చరిక, విద్యుత్ సరఫరా ఆగిపోవడం లాంటివి చుట్టుపక్కల ఉంటే అది వాతావరణమే. స్టార్మ్ తర్వాత ‘ఆఫ్’ (of) వచ్చి, ఆ తర్వాత మనుషులు చేసే పని ఏదైనా వస్తే (నిరసన, విమర్శ, చప్పట్లు, కన్నీళ్లు) అది అలంకారం. ముందు పొలిటికల్, మీడియా లాంటి విశేషణం ఉన్నా అంతే.

క్రియగా వస్తే ఇంకా తేలిక. కర్త మనిషి అయితే వాతావరణంతో సంబంధం లేదు. కర్త ‘ఇట్’ అయితే, అంటే ‘ఇట్ స్టార్మ్‌డ్ ఆల్ నైట్’ అంటే, రాత్రంతా గాలివాన కొట్టిందని.

చిక్కంతా హెడ్డింగుల దగ్గరే. ‘స్టార్మ్ ఓవర్ న్యూ బ్రిడ్జ్’ అని ఉంటే కొత్త వంతెన మీద గాలివాన పడుతోందనీ కావచ్చు, వంతెన గురించి గొడవ జరుగుతోందనీ కావచ్చు. పత్రికల ఇంగ్లిష్‌లో ఈ ‘ఓవర్’కు ఎక్కువగా ‘గురించి’ అనే అర్థం. అయినా కింద వార్త చదవకుండా హెడ్డింగ్ ఒక్కటే చూసి అనువదించకండి.

2. వాతావరణమే అయితే, ఏ రకమో తేల్చుకోండి

తెలుగులో తుఫాను అంటే సముద్రంలో పుట్టి, పేరు పెట్టించుకుని, తీరం దాటే పెద్ద వ్యవహారం. ఇంగ్లిష్ స్టార్మ్ అంత గొప్పది కానక్కర్లేదు. సాయంత్రం ఓ గంట ఉరిమి, మెరిసి, కురిసి పోయినా ఇంగ్లిష్‌లో అది థండర్‌స్టార్మే. దీన్ని తెలుగులో తుఫాను అని రాస్తే చదివినవాళ్లకు ఊరికే టెన్షన్. ‘ఉరుములు మెరుపులతో వాన’ అనండి. గాలి కూడా గట్టిగా ఉంటే ‘గాలివాన’ అనండి. మెషీన్ ట్రాన్స్‌లేషన్ ఇక్కడే ఎక్కువగా బోల్తా పడుతుంది కాబట్టి వాతావరణ సమాచారాన్ని దానికి అప్పగించినప్పుడు ఈ మాట దగ్గర ఒకసారి ఆగి చూసుకోవాలి. ఇంకో సంగతి, థండర్‌స్టార్మ్ అనిపించుకోవడానికి వాన పడి తీరాలన్న నియమం లేదు. ఉరుము ఉంటే చాలు. నేలను చేరకముందే చినుకులు ఆవిరైపోయే పొడి థండర్‌స్టార్మ్‌లు ఉన్నాయి. అడవుల్లో పిడుగుపడి మంటలు లేవడానికి అవి పెద్ద కారణం.

హెయిల్‌స్టార్మ్‌కు మనకు చక్కటి మాట ఉంది, వడగళ్ల వాన. స్నోస్టార్మ్ మంచు తుఫాను. ఐస్ స్టార్మ్‌ను కూడా మంచు తుఫాను అనేయడం మాత్రం పొరపాటు. అందులో మంచు కురవదు, గాలి ఉండాలనీ లేదు. వాన నీరే గడ్డకట్టే చలిలో కొమ్మలనూ కరెంటు తీగలనూ తాకి అక్కడికక్కడే గాజుపొరలా పేరుకుంటుంది, ఆ బరువుకు చెట్లు విరుగుతాయి. ఒక్క మాటలో చెప్పడానికి తెలుగులో పేరు లేదు. ‘తాకగానే గడ్డకట్టే వాన’ అని విడమరచి రాయడమే మేలు.

డస్ట్ స్టార్మ్, శాండ్ స్టార్మ్ ఒకటే అనుకుంటారు గానీ తేడా ఉంది. ఇసుక రేణువులు బరువు కాబట్టి నేలకు దగ్గరగానే కొట్టుకుపోతాయి. దుమ్ము చాలా ఎత్తుకు లేస్తుంది, చాలా దూరం పోతుంది. సహారా ఎడారి దుమ్ము అట్లాంటిక్ సముద్రం దాటి అమెరికా ఖండాల దాకా వెళ్తుంది. డస్ట్ స్టార్మ్‌ను దుమ్ము తుఫాను, శాండ్ స్టార్మ్‌ను ఇసుక తుఫాను అనవచ్చు. ‘గాలిదుమారం’ ఇంకా బాగుంటుంది. దుమారం అన్న మాట మళ్లీ కింద పనికొస్తుంది, గుర్తుంచుకోండి.

అంకెలున్న చోట స్టార్మ్ ఒక కొలత. గాలి బలాన్ని చెప్పడానికి నౌకాధికారి ఫ్రాన్సిస్ బ్యూఫోర్ట్ 1805లో తయారుచేసిన స్కేలులో స్టార్మ్ అంటే పదో స్థాయి. ఇప్పటి లెక్కలో గంటకు 89 నుంచి 102 కిలోమీటర్లు. దాని కింద గేల్ స్థాయిలు, పైన పదకొండోది వయొలెంట్ స్టార్మ్, పన్నెండోది హరికేన్. ఉత్తర హిందూ మహాసముద్రంలో భారత వాతావరణ శాఖ లెక్క వేరు. గాలి గంటకు 62 కిలోమీటర్లు చేరగానే ‘సైక్లోనిక్ స్టార్మ్’ అంటారు, తెలుగు పత్రికలు తుఫాను అనేది దీన్నే. 88 దాటితే సివియర్, అంటే తీవ్ర తుఫాను. 222 అందుకుంటే సూపర్ సైక్లోన్. అట్లాంటిక్‌లో అదే తొలి మెట్టు ‘ట్రాపికల్ స్టార్మ్’, గంటకు 119 కిలోమీటర్లు చేరితే హరికేన్. పసిఫిక్ పడమటి వైపున టైఫూన్. కాబట్టి అట్లాంటిక్ వార్తలో ‘స్టార్మ్ బలపడి హరికేన్‌గా మారింది’ అని ఉంటే ‘తుఫాను హరికేన్‌గా మారింది’ అని రాయండి, హరికేన్‌ను అలాగే ఉంచండి. ‘తుఫాను తుఫానుగా మారింది’ అన్న వాక్యం మాత్రం పుట్టకుండా చూసుకోండి. అలాంటివి కూడా అచ్చయిపోతుంటాయి.

బ్రిటన్, ఐర్లండ్ వాతావరణ శాఖలు 2015 నుంచి చలికాలపు పెనుగాలులకు పేర్లు పెడుతున్నాయి. మొదటిది స్టార్మ్ అబిగెయిల్. ఇంగ్లిష్‌లో పేరు వెనక, తెలుగులో పేరు ముందు: అబిగెయిల్ తుఫాను.

ఇక స్టార్మ్ సర్జ్. దీనికి అచ్చమైన మాట ఉప్పెన. గాలి తోసుకొచ్చిన సముద్రం తీరం మీదికి ఎగబాకడం అది. సునామీకి కూడా కొందరు ఉప్పెన వాడుతున్నారు గానీ కారణం వేరు, సునామీని సునామీ అనడమే మంచిది. స్టార్మ్ వాటర్, స్టార్మ్ డ్రెయిన్ అన్నవి మాత్రం పేరుకే భయంకరం. మొదటిది వాననీరు, రెండోది వాననీటి కాలువ, అంతకుమించి ఏమీ లేదు.

3. శాస్త్రం, వైద్యం, కంప్యూటర్ల దగ్గర పేరును కదపకండి

ఇక్కడ స్టార్మ్ పాత అలంకారమే, కానీ గట్టిపడి పేరైపోయింది. తెలుగు చేయాలన్న ఉత్సాహం కాస్త తగ్గించుకోవాలి.

జియోమాగ్నెటిక్ స్టార్మ్‌లో గాలీ లేదు, వానా లేదు. సూర్యుడి నుంచి వచ్చిన కణాలు, అయస్కాంత క్షేత్రం తగిలి భూమి అయస్కాంత క్షేత్రం అల్లకల్లోలం కావడమే అది. 1859 సెప్టెంబరులో వచ్చినదానికి టెలిగ్రాఫ్ ఆపరేటర్లకు షాకులు కొట్టాయి, కొన్ని లైన్లు బ్యాటరీ తీసేసినా పనిచేశాయి. 1989 మార్చిలో కెనడాలోని క్యుబెక్ ప్రాంతమంతా గంటల తరబడి చీకట్లో ఉండిపోయింది. తెలుగు పత్రికల్లో ‘సౌర తుఫాను’ స్థిరపడింది, దాన్నే వాడండి. ఉల్కల విషయంలో ఇంగ్లిష్‌కు రెండు మెట్లున్నాయి. మామూలుగా రాలితే షవర్, గంటకు వెయ్యి దాటేంత జోరుగా రాలితే స్టార్మ్. 1833 నవంబరులో ఉత్తర అమెరికా ఆకాశంలో కనబడినది రెండో రకం. మొదటిదాన్ని ఉల్కాపాతం అనీ రెండోదాన్ని ఉల్కల జడివాన అనీ అంటే ఆ తేడా నిలుస్తుంది.

డాక్టర్ల కాగితం మీద ఈ మాట కనబడితే అతిశయోక్తి అనుకోకండి. థైరాయిడ్ స్టార్మ్ అంటే థైరాయిడ్ హార్మోన్ ప్రభావం ఒంట్లో హద్దు మీరి ప్రాణం మీదికి రావడం, వెంటనే చికిత్స కావాలి. ఎలక్ట్రికల్ స్టార్మ్ అంటే ఇక్కడ ఉరుములూ మెరుపులూ కాదు, గుండె లయ ప్రమాదకరంగా 24 గంటల్లో మూడు సార్లో అంతకన్నా ఎక్కువో తప్పడం. కోవిడ్ రోజుల్లో సైటోకైన్ స్టార్మ్ అందరి నోటా వినబడింది. వైరస్‌తో పోరాడాల్సిన రోగనిరోధక వ్యవస్థ అదుపు తప్పి సొంత శరీరాన్నే దెబ్బతీయడమన్న మాట. ఇలాంటివన్నీ పేరును తెలుగు లిపిలో అలాగే రాసి పక్కన ఒక వాక్యంలో అర్థం చెప్పాల్సినవి. ‘థైరాయిడ్ తుఫాను’ అని రాస్తే రోగి బంధువులు దాన్ని గూగుల్‌లో కూడా వెతుక్కోలేరు. కంప్యూటర్ నెట్‌వర్క్‌లో అందరికీ పంపే సందేశాలు అదుపు తప్పి పెరిగిపోయి లైన్లను ముంచెత్తడాన్ని బ్రాడ్‌కాస్ట్ స్టార్మ్ అంటారు, దానికీ ఇదే సూత్రం.

4. అలంకారమైతే, ఏ గుణాన్ని అరువు తెచ్చారో అడగండి

హోరు అయితే: చప్పట్ల స్టార్మ్ అంటే ‘హాలు చప్పట్లతో మారుమోగింది’. ట్విటర్ స్టార్మ్ అంటే ‘ట్వీట్లు హోరెత్తాయి’. నిరసనల స్టార్మ్‌కు తెలుగువాడి చెవి గాలిని కాదు, నీటిని కోరుకుంటుంది. ‘నిరసనలు వెల్లువెత్తాయి’ అంటాం. పొలిటికల్ స్టార్మ్‌కు అసలు వెతుక్కోవాల్సిన పనే లేదు, ‘రాజకీయ దుమారం’ సిద్ధంగా ఉంది. పైన చెప్పిన గాలిదుమారంలోని దుమారమే ఇది. ఇంగ్లిష్ స్టార్మ్ చేసిన ప్రయాణాన్నే మన మాట కూడా చేసింది కాబట్టి ఇద్దరికీ చక్కగా జత కుదిరింది.

ముందు మబ్బు పట్టడం అయితే: ‘స్టార్మ్ బ్రూయింగ్’ అంటే గొడవ ముదురుతోందని, ఏదో ముంచుకొస్తోందని. స్టార్మ్ క్లౌడ్స్ దేశాల మధ్య అయితే ‘యుద్ధమేఘాలు కమ్ముకున్నాయి’, వ్యాపారంలో అయితే ‘కష్టకాలం దాపురిస్తోంది’. ‘కామ్ బిఫోర్ ద స్టార్మ్’కు ‘తుఫాను ముందరి ప్రశాంతత’ ఎప్పుడో తెలుగైపోయింది. ఇక్కడ తుఫాను అనడానికి సంకోచం అక్కర్లేదు. ఒక్కటే జాగ్రత్త, అది హాయిగా ఉన్న ప్రశాంతత కాదు, గుబులు పుట్టించేది. సెలవుల్లో ఊరంతా నిశ్శబ్దంగా ఉందని చెప్పడానికి వాడకూడదు.

తట్టుకుని బయటపడటం అయితే: ‘వెదర్ ద స్టార్మ్’, ‘రైడ్ అవుట్ ద స్టార్మ్’. రెండూ ఓడలవాళ్ల మాటలే. మొదటిదాంట్లో వెదర్ నామవాచకం కాదు, క్రియ, అర్థం తట్టుకోవడం. ఇది తెలియక ‘వాతావరణ తుఫాను’ అని రాసిన అనువాదాలున్నాయి. ‘కంపెనీ గడ్డుకాలాన్ని తట్టుకుంది’, ‘ఎలాగో గట్టెక్కింది’ అంటే సరిపోతుంది. ‘ఎనీ పోర్ట్ ఇన్ ఎ స్టార్మ్’ కూడా సముద్రం నుంచి వచ్చిందే. ఆపదలో ఏ రేవు దొరికితే అదే అని. మునిగిపోయేవాడికి గడ్డిపోచైనా ఆసరాయే అన్న మన మాట దానికి దగ్గరే గానీ ఒక తేడా ఉంది. గడ్డిపోచ నిలబెట్టదు, రేవు నిలబెడుతుంది. దొరికిన ఉద్యోగం నచ్చకపోయినా జీతం వస్తోందని చేరినవాడి గురించైతే రేవే నయం.

పరిమాణం అయితే: ‘స్టార్మ్ ఇన్ ఎ టీకప్’. టీ కప్పులో తుఫాను అని పత్రికల్లో బాగా నలిగింది, ఎవరికైనా అర్థమవుతుంది. గోరంతను కొండంత చేయడం దీనికి దగ్గరే కానీ అచ్చంగా అదే కాదు. కొండంతలు చేసేది ఒక మనిషి. టీ కప్పులో తుఫాను ఎవరూ చేయకుండానే లేవవచ్చు, చల్లారవచ్చు. అమెరికన్లు కప్పుకు బదులు టీపాట్, స్టార్మ్‌కు బదులు టెంపెస్ట్ అంటారు. రోమన్ వక్త సిసిరో అయితే గరిటెలో అలలు లేపడమన్నాడు, అప్పటికే అది సామెతట.

5. మనుషులు ‘స్టార్మ్’ చేస్తుంటే వెనక ఉన్న చిన్న మాట చూడండి

ఔట్ ఉంటే కోపంగా బయటకు. ‘విసురుగా లేచి వెళ్లిపోయింది’ అంటే తలుపు ధడాల్న వేసిన చప్పుడు కూడా వినిపిస్తుంది. ఆఫ్ (off) ఉన్నా అదే. ఇన్ లేదా ఇంటూ ఉంటే రెండు దారులు. మనిషి గదిలోకి అయితే ‘రుసరుసలాడుతూ వచ్చాడు’. జట్టు ఫైనల్లోకి అయితే కోపం లేదు, ‘దూసుకెళ్లింది’. వెనక ఏమీ లేకుండా నేరుగా కోటో భవనమో వస్తే అది సైనికుల మాట. 1789 జులై 14న పారిస్ జనం బాస్టీల్ కోటను, 2021 జనవరి 6న గుంపులు అమెరికా పార్లమెంటు భవనమైన కాపిటల్‌ను స్టార్మ్ చేశాయని రాసేది ఈ అర్థంలోనే. తెలుగులో దీనికి ‘ముట్టడి’ రాయడం అలవాటైపోయింది. నాకది నచ్చదు. ముట్టడి అంటే చుట్టూ మోహరించి లోపలివాళ్లను దిగ్బంధించడం, దానికి ఇంగ్లిష్‌లో సీజ్ (siege) అనే వేరే మాట ఉంది. స్టార్మ్ అంటే ఆగకుండా బలప్రయోగంతో లోపలికి చొరబడటం. ‘విరుచుకుపడి లోపలికి చొచ్చుకెళ్లారు’ అంటే రెండు మాటలు ఎక్కువైనా నిజం చెప్పినట్టవుతుంది.

‘టేక్ బై స్టార్మ్’ ఈ కోటల నుంచే పుట్టి సంగీతంలోకి, ఫ్యాషన్‌లోకి వచ్చింది. ఇప్పుడు దాడి లేదు, ఊపు మాత్రమే మిగిలింది. ‘ప్రపంచాన్ని ఉర్రూతలూగించింది’, ‘ఓ ఊపు ఊపేసింది’.

6. ఎక్కువమంది జారే చోట్లు

‘ఐ ఆఫ్ ద స్టార్మ్’ అన్నింటికన్నా పెద్ద గొయ్యి. నిజమైన తుఫాను కన్ను నిశ్శబ్దంగా ఉండే చోటు. సాధారణంగా 30 నుంచి 65 కిలోమీటర్ల వెడల్పు, గాలి మందగిస్తుంది, ఒక్కోసారి నీలాకాశం కనబడుతుంది. అసలు విధ్వంసం దాని చుట్టూ ఉండే గోడలో. కన్ను దాటగానే గాలి ఎదురు దిక్కు నుంచి మళ్లీ కొడుతుంది, అయిపోయిందనుకుని బయటికొచ్చినవాళ్లు ప్రాణాలు పోగొట్టుకునేది అప్పుడే. కానీ పత్రికల ఇంగ్లిష్‌లో మంత్రి ‘ఐ ఆఫ్ ద స్టార్మ్’లో ఉన్నాడంటే గొడవకు నట్టనడుమ ఉన్నాడని. చదివేటప్పుడు ఆ అర్థమే తీసుకుని ‘దుమారంలో చిక్కుకున్న మంత్రి’ అనండి. మీరు రాసేటప్పుడు మాత్రం ఐ బదులు సెంటర్ వాడితే సైన్సు తెలిసినవాళ్లు కూడా వేలెత్తి చూపరు.

‘పర్ఫెక్ట్ స్టార్మ్’లో మెచ్చుకోలు లేదు. విడివిడిగా వస్తే తట్టుకోగలిగిన కష్టాలు ఒకేసారి కలిసి ముంచెత్తడం. 1991 అక్టోబరు చివర్లో ఉత్తర అట్లాంటిక్‌లో వేర్వేరు వాతావరణ వ్యవస్థలు కలిసి లేపిన పెనుతుఫాను వల్ల, దాని మీద తర్వాత వచ్చిన పుస్తకం, సినిమాల వల్ల ఈ మాట ఊరూరా పాకింది. ‘పరిపూర్ణ తుఫాను’ అని రాయడం కన్నా ‘అన్ని కష్టాలూ ఒక్కసారే వచ్చిపడ్డాయి’ అనడం వెయ్యి రెట్లు నయం.

బ్రెయిన్‌స్టార్మ్‌కు తెలుగులో మేధోమథనం కుదిరింది. నలుగురు కూర్చుని, తప్పొప్పులు ఎంచకుండా ముందు వీలైనన్ని ఆలోచనలు పోగేయడం అని దీన్ని ఆఫీసుల్లోకి తెచ్చింది అలెక్స్ ఆస్బర్న్ అనే అమెరికన్ అడ్వర్టైజింగ్ నిపుణుడు, 1940లలో. అంతకుముందు ఈ మాటకు ఉన్నట్టుండి మతి చెదరడం అని అర్థం. బ్రిటిష్‌వాళ్లలో ఆ వాసన ఇంకా ఉంది. ‘ఐ హ్యాడ్ ఎ బ్రెయిన్‌స్టార్మ్’ అని అమెరికన్ అంటే గొప్ప ఐడియా తట్టిందని, బ్రిటిషర్ అంటే బుర్ర ఒక్క క్షణం పనిచేయలేదని కావచ్చు. ఎవరు మాట్లాడుతున్నారో చూసి అనువదించాలి. ట్రైనింగులో వినబడే ‘స్టార్మింగ్’ వేరే. బృందాలు ఎలా కుదురుకుంటాయో చెబుతూ 1965లో అమెరికన్ మనస్తత్వవేత్త బ్రూస్ టక్‌మన్ పెట్టిన దశల్లో రెండోది, సభ్యుల మధ్య కీచులాటలు జరిగే దశ.

‘వెంట్ డౌన్ ఎ స్టార్మ్’ చూడటానికి ఓడిపోయినట్టుంటుంది. అర్థం పూర్తిగా తలకిందులు. ‘హర్ స్పీచ్ వెంట్ డౌన్ ఎ స్టార్మ్’ అంటే ఆమె ప్రసంగం జనానికి తెగ నచ్చింది. ఇది బ్రిటిష్ వాడుక. అమెరికన్ల ‘అప్ ఎ స్టార్మ్’ కూడా పొగడ్తే. కుక్, డాన్స్, టాక్ లాంటి క్రియల వెనక వస్తుంది, ఆ పని జోరుగా, పుష్కలంగా చేశారని చెబుతుంది. ‘బోలెడు వంటలు చేసిపడేసింది’, ‘ఒకటే డాన్సు’.

7. మీరే ఇంగ్లిష్‌లో రాస్తుంటే

ఒక పేరాలో ఒక్క స్టార్మ్ చాలు. విమర్శల స్టార్మ్ అని మొదలుపెట్టి అదే వాక్యంలో దాన్ని ఫైర్‌కో ట్రెయిన్‌కో ముడిపెడితే బొమ్మ చెదిరిపోతుంది. స్టార్మ్ అన్నాక అది లేవాలి, ముదరాలి, వెలియాలి. మండకూడదు, పట్టాలు తప్పకూడదు. చిన్న అభ్యంతరాలకు ఈ మాట ఖర్చు చేయకండి. ఇద్దరు సభ్యులు లేచి ప్రశ్న వేస్తే అది స్టార్మ్ కాదు, ఆబ్జెక్షన్. ‘స్టార్మీ మీటింగ్’ అని రాయాలంటే కనీసం గొంతులు పెరిగి ఉండాలి.

నిజమైన తుఫాను గురించిన వార్తలో, నివేదికలో అలంకారపు స్టార్మ్‌ను పూర్తిగా పక్కన పెట్టండి. సహాయక చర్యలు ఆలస్యమయ్యాయని విమర్శలు వస్తే ‘క్రిటిసిజం’ అని నేరుగా రాయండి. ఇళ్లు పోగొట్టుకున్నవాళ్ల పేరా పక్కనే ‘స్టార్మ్ ఆఫ్ క్రిటిసిజం’ కనబడితే అది చమత్కారంగా ఉండదు, మోటుగా ఉంటుంది. హెడ్డింగ్‌లో అయితే అసలు ఏ స్టార్మ్ గురించి చెబుతున్నారో కూడా తెలియదు.